గాలొస్తే గ్యాసు నిలవదు బావా

కేటీ, టెక్సస్

బావా,

ఈ జాబు నీకు అట్టపెట్టెలో దొరుకుతుంది. పెట్టెలో ఉండే వస్తువుని నెత్తిన పెట్టుకుని అక్క ముందు నిలబడబాక. ముందు కూచుని ఇది చదువు. ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు గదా అంటావు. ఫోన్లో నన్నెప్పుడు చెప్పనిచ్చావు? నేను "బావా, మిగ్గు సంగతి" అంటానే ఆ పక్కన గ్రైండరు మొదలవుతుంది. నేను "గ్యాసు, గ్యాసు" అని అరిస్తే, "బండ నిన్ననే వచ్చింది, మీ అక్క డబ్బులిచ్చేసింది" అని నువ్వు అరుస్తావు. మా ఆవిడ లోపల్నుంచి వచ్చి, అన్నయ్యా వదినా మళ్ళీ పోట్లాడుకుంటా ఉండారా అని అడుగుతుంది.

ఇక్కడ మేమంతా క్షేమం. పాప బడికి పోతా ఉండాది. హూస్టన్ ఎండలకీ నెల్లూరు ఎండలకీ తేడా ఏసీ ఒక్కటే. ఇక అసలు విషయం.

నువ్వడిగింది మిగ్ వెల్డింగు మిషను. "నువ్వు నేర్చుకున్నావంట గదా, అట్టాంటిది నాకూ ఒకటి పంపించు, మైపాడు రోడ్డులో ఇంక మన షాపుకి ఎదురుండదు" అన్నావు. పంపను బావా. పిసినారితనం అనుకోబాక. కస్టమ్స్ సుంకానికి భయపడీ కాదు. నీ షాపుకి తూర్పుపక్క గోడ లేదు, అదీ కారణం. గోడ గురించి తర్వాత చెప్తా. ముందు నేనీ పనిలోకి ఎట్టా దిగానో చెప్పాలి, ఎందుకంటే నాయన నీకు వేరేగా చెప్పుంటాడు.

నేను ఇంటరు చదివేటప్పుడు, ఎంసెట్టులో ర్యాంకు రాకపోతే వెల్డింగు షాపులో పెడతానని నాయన రోజూ బెదిరించేవాడు గదా. ఆ బెదిరింపుల్లో సగం నీ షాపులోనే, నీ స్టూలు మీదే కూచుని, నువ్వు మా గేటు కింది కడ్డీకి ఊరకనే అతుకేస్తా ఉంటే జరిగినాయి. ఒకసారి నువ్వు అద్దం పక్కకి తీసి, "వీణ్ణి పెట్టుకుంటే నా ఇనుం పాడవదా మామా" అన్నావు. నాయన బెదిరింపులకి రాని ర్యాంకు ఆ మాటకి వచ్చింది. అక్క కూడా తక్కువ కష్టపడలేదు. రొట్టెల పండక్కి బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి, ఒక ఏడు నా పేరున చదువు రొట్టె పట్టుకుంది, ఇంకో ఏడు ఉద్యోగం రొట్టె పట్టుకుంది. ఆ చెరువులో ఇల్లు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె అన్నీ దొరుకుతాయి. వెల్డింగు రొట్టె మాత్రం ఎవరి చేతిలోనూ చూళ్ళేదు. కాబట్టి ఈ విద్య పూర్తిగా నా సొంత ఖర్చుతో వచ్చింది.

ఖర్చు ఎట్టా మొదలైందంటే, మా పెరటి గేటు కీలు ఊడింది. ఈ దేశంలో పనివాడు వచ్చి గేటు చూసి గడ్డం గోక్కున్నందుకే బిల్లు వేస్తాడు. ఆ కీలు అతికించడానికి ఒకాయన చెప్పిన రేటుకి ఇంకొంచెం కలిపితే చిన్న మిగ్ మిషనే వస్తుందని లెక్క తేలింది. అమెరికాలో ప్రతి మగాడూ ఎప్పుడో ఒకప్పుడు ఈ లెక్క వేస్తాడు. అందుకే ఇక్కడి గరాజుల్లో కారుకి తప్ప అన్నిటికీ చోటుంటుంది. మిషను వచ్చాక గ్యాసు బండ, దాని రెగ్యులేటరు, తోలు చేతొడుగులు, గ్రైండరు, క్లాంపులు, ఇనుప బల్ల వచ్చాయి. కీలు ధర ఇప్పుడు ఎంత పడిందో నాయనకి చెప్పబాక.

మిషనుకి 240 వోల్టులు కావాలి. ఈడ మామూలు ప్లగ్గులో వచ్చేది 120. మా గరాజు దగ్గర్లో 240 ఉండేది బట్టలారబెట్టే మిషను ప్లగ్గుకి ఒక్కదానికే. అందుకని శనివారం పూట మా ఇంట్లో బట్టలైనా ఆరాలి, ఇనుమైనా అతకాలి. పెరట్లో తాడు కట్టి ఆరేద్దామంటే ఇళ్ళ సంఘం వాళ్ళు చీటీ పంపిస్తారు. గరాజులోనే తాడు కట్టాం. తాడు మీద నా చొక్కాలే ఉంటాయి. నిప్పురవ్వలు ఎగిరే చోట తన బట్టలు ఆరేసే రకం కాదు మా ఆవిడ.

నువ్వు రాడ్డు గీస్తే మన వీధిలో బల్బులన్నీ ఒకసారి కుంగి లేచేవి, గుర్తుందా? సీరియల్ మధ్యలో గీశావని ఎదురింటి అవ్వ నీ షాపు మీదికి చీపురుతో వచ్చింది. ఈడ నేనెంత గీసినా ఒక్క దీపం రెప్ప వెయ్యదు. మొదట్లో మిషను పనిచెయ్యడం లేదేమోనని అనుమానం వచ్చింది.

ఇంక పని సంగతి. నీ చేతిలో రాడ్డు తరిగే కొద్దీ నువ్వు చెయ్యి కిందికి దించుకుంటా రావాలి. అది నీకు ఊపిరి పీల్చినంత తేలిక, నాకు ఈ జన్మకి రాదు. మిగ్గులో ఆ బాధ లేదు. 0.8 మిల్లీమీటర్ల సన్న తీగ, మీద రాగిపూత, చుట్టగా మిషను కడుపులో ఉంటుంది. గన్ను మీట నొక్కితే తీగ, కరెంటు, గ్యాసు మూడూ ఒకేసారి వస్తాయి. వదిలితే మూడూ ఆగుతాయి. తీగ కొస ఇనుముని తాకుతుంది, కరిగి తెగుతుంది, మళ్ళీ తాకుతుంది. సెకనుకి 20 నుంచి 200 సార్లు ఇదే తంతు. రాడ్డు అంటుకుపోయినప్పుడల్లా నువ్వు తిట్టే తిట్టుంది చూడు, మిగ్గులో అయితే దాన్ని సెకనుకి 200 సార్లు తిట్టాలి.

దీన్ని 1948లో ఒహాయో రాష్ట్రంలో బ్యాటెల్ మెమోరియల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు తయారుచేశారు. డబ్బు పెట్టింది ఎయిర్ రిడక్షన్ అనే గ్యాసు కంపెనీ. గ్యాసు అమ్ముకునేవాడు గ్యాసు తాగే మిషను చేయించాడంటే అందులో వింతేముంది? మొదట్లో అది అల్యూమినియం పనికే సరిపోయింది, గ్యాసు అంత ఖరీదు. 1953లో సోవియట్ దేశంలో ల్యుబావ్‌స్కీ, నొవోషిలోవ్ అనే ఇద్దరు, చవకైన కార్బన్ డయాక్సైడు పెట్టి కూడా ఉక్కు అతకొచ్చని చూపించారు. మన ఆటోనగర్లలో ఈ పనిని సీవోటూ వెల్డింగు అంటారే, ఆ పేరు వెనక ఉండేది వీళ్ళిద్దరే. ఈడ గరాజు వెల్డర్లు వాడేది 75 పాళ్ళు ఆర్గాన్, 25 పాళ్ళు సీవోటూ కలిపిన గ్యాసు. రవ్వలు తక్కువ చిందుతాయి. ఉత్త సీవోటూ అయితే అతుకు లోతుగా దిగుతుంది, రవ్వలు కూడా ధారాళంగా దిగుతాయి, ముఖ్యంగా చొక్కా కాలర్లోకి.

వోల్టేజి ఎంత పెట్టాలి, తీగ ఎంత స్పీడుగా రావాలి అనేదానికి మిషను మూత లోపల పట్టిక అంటించి ఉంటుంది. 3 మిల్లీమీటర్ల రేకుకి సుమారు 125 ఆంపియర్లు. ఆ పట్టిక పంచాంగం చెప్పినంతవరకే చెప్తుంది, మిగతాది చెవి చెప్తుంది. ఈ దేశపోళ్ళు పెనం మీద పంది మాంసం వేగే చప్పుడు రావాలంటారు. నేనది ఎప్పుడూ విన్లేదు. అందుకని నాకు తెలిసిన చప్పుడు పట్టుకున్నా. అక్క ఉప్పూ కారం పట్టించిన వంజరం ముక్కలు మూకుట్లోకి జార్చినాక ఆగకుండా వస్తుందే చిటపట, అదన్నమాట. నూనె కాగక ముందే ముక్క వేస్తే ఒకటీ అరా టప్పుమని ఊరుకుంటుంది చూడు, అట్టా వస్తే తీగ ఎక్కువ, వోల్టేజి తక్కువ. తీగ ఇనుముని పొడుచుకుని గన్నుని వెనక్కి తోస్తుంది. మూకుడు మాడి బుస్సుమంటే వోల్టేజి ఎక్కువ, రేకుకి బొక్క పడబోతా ఉందని అర్థం. చేపలు వేగుతుండాయా నాన్నా అని పాప తలుపు తీసుకుని వచ్చిందంటే ఆ పూట అతుకు కుదిరింది. మా ఆవిడ కూడా వచ్చిందంటే చాలా బాగా కుదిరింది.

మా పక్కింట్లో ఒక తాత ఉండాడు. హూస్టన్ పక్కనుండే పాసడీనాలో చమురు శుద్ధి కర్మాగారాల్లో జీవితమంతా పైపులు అతికి రిటైరైనాడు. సాయంత్రం కుక్కని తిప్పుకుంటా వచ్చి మా గరాజు ముందు ఆగుతాడు. నా అతుకులు చూసి బాగుందనడు, బాలేదనడు. బూటు కొసతో తిరగేసి వెనక పక్క చూస్తాడు. వెనక చూడ్డమెందుకని అడిగితే, ఒక ముక్క మీద ఇంకో ముక్క నిలువుగా నిలబెట్టి నేను అతికినదాన్ని తీసి వైసులో బిగించి, సుత్తితో ఒక్కటిచ్చాడు. అతుకు మెరుస్తానే ఉంది, చెక్కు చెదర్లేదు. కాకపోతే రెండు ముక్కల్లో ఒకదానికే అంటుకుని ఉంది.

మిగ్గులో ఉండే మోసం ఇదే బావా. పైన నున్నగా, అందంగా, ఫోటో తీసి వాట్సాపులో పెట్టుకునేంత బాగా వస్తుంది. దిమ్మ ఇనుం మీద చాలినంత వేడి లేకపోతే లోపల పట్టు ఉండదు. రాడ్డు వెల్డింగు చేతకాని వాడిది చూడగానే తెలిసిపోతుంది. మిగ్గు చేతకాని వాడిది బరువు మోసే రోజున తెలుస్తుంది. ట్రాక్టరు హుక్కు, ట్రాలీ ఛాసిస్, రొయ్యల గుంటల ఏరియేటరు షాఫ్టు ఇట్టాంటివాటిని నువ్వు పది నంబరు రాడ్డుతో అతుకుతావే, అట్టానే అతుకు. ఎవరో వీడియోలో చూపించాడని మార్చబాక.

తాత అసలు పని సిక్స్ జీ. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ, తలకిందులుగా, పక్కగా, నిలువుగా అతుక్కుంటా పోవాలి. గల్ఫుకి పోయే మన కుర్రాళ్ళు ట్రేడ్ టెస్టులో వణికేది దాని దగ్గరే. నేలటూరు థర్మల్ ప్లాంటు కట్టేటప్పుడు మా బావ బాయిలరు పైపుల పనికి పోయాడని ఒకరోజు మాటల్లో చెప్పా. అప్పటిదాకా నిలబడే మాట్లాడిన మనిషి లోపలికి పోయి నాకోసం కుర్చీ తెచ్చి వేశాడు. నా డిగ్రీలు, నా ఉద్యోగం, నా ఇల్లు ఏవీ ఆ కుర్చీ తెప్పించలేదు.

ఇప్పుడు గోడ సంగతి.

మిగ్గులో కరిగిన ఇనుం మీద గాలి పడకుండా కాపాడేది గ్యాసు ఒక్కటే. నిమిషానికి పది పన్నెండు లీటర్లు నాజిల్లోంచి మెల్లగా దిగి అతుకుని కప్పుకుని ఉంటుంది. గంటకి ఏడెనిమిది కిలోమీటర్ల గాలి వీచిందంటే చాలు, ఆ కప్పుదల పోతుంది. గాలిలో ఉండే నత్రజని, ఆమ్లజని కరిగిన ఇనుంలోకి దూరతాయి, అతుకు నిండా సూదిబెజ్జాలు పడతాయి. మైపాడులో మధ్యాన్నం దాటాక సముద్రం మీదనుంచి తిరిగే గాలి ఎంతుంటుందో నీకు నేను చెప్పాలా? నీ షాపులో క్యాలెండరు ఎప్పుడైనా గోడకి ఆనిందా? నెలలు మార్చేది కూడా ఆ గాలే గదా, ఒకసారి నవంబరు చూసుకుని అక్టోబరులోనే అక్కకి పుట్టినరోజు చీర తెచ్చావు.

రెగ్యులేటరు ఎక్కువ తిప్పితే సరిపోదా అంటావు. అదీ చూశారు. ఎక్కువ తిప్పితే గ్యాసు సుడి తిరిగి బయటి గాలిని తనే లోపలికి లాక్కుంటుంది. డబ్బు పోతుంది, బెజ్జాలు మిగుల్తాయి. ఈడ నాది మూడు పక్కలా గోడలుండే గరాజు. అయినా ఫ్యాను నా మీదికి తిప్పుకోడానికి లేదు. జులైలో తోలు చేతొడుగులు, నిండు చేతుల చొక్కా, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, ఫ్యాను లేకుండా గరాజులో నిలబడాలి. తలుపు మూస్తే పొగ, తెరిస్తే గాలి. సగం తెరిచి, ఫ్యాన్ని బయటికి తిప్పి, పొగని మాత్రం పొమ్మని చెప్పాలి.

నీ రాడ్డుకి ఈ తలనొప్పి లేదు. మీద పూసిన మందు కాలి దాని గ్యాసు అదే తయారుచేసుకుంటుంది, పైన నల్లటి పెంకు కట్టి అతుకుని మూసేస్తుంది. ఈ మందు పూసే ఉపాయం కనిపెట్టింది స్వీడన్‌లో గోటెన్‌బర్గ్ రేవులో ఓడల బాయిలర్లు బాగుచేసే పనిలో ఉన్న ఆస్కార్ షెల్‌బర్గ్. 1904లో ఆయన పెట్టిన కంపెనీయే ఈసాబ్. నువ్వు చెన్నై నుంచి డబ్బాలు డబ్బాలుగా తెప్పించుకునే రాడ్లు ఆ వంశానివే. అంటే రాడ్డు పుట్టిందే సముద్రం ఒడ్డున, ఓడల కోసం. మిగ్గు పుట్టింది సముద్రానికి వందల మైళ్ళ దూరంలో, నాలుగు గోడల మధ్య. మైపాడు రోడ్డుకి ఏది పనికొస్తుందో ఇంక నేను చెప్పక్కర్లేదు.

గ్యాసు అక్కర్లేని తీగ కూడా ఉండాది, దాచను. తీగ బోలుగా ఉండి లోపలే మందుంటుంది. గాలికి తట్టుకుంటుంది. దానికి గన్ను ప్లస్సులో ఉండేది మైనస్‌లోకి మార్చాలి. పొగెక్కువ, పెంకు కొట్టుకోవాలి, తీగ ఖరీదు. పెంకూ కొట్టుకుని, పొగా పీల్చి, ఖరీదూ పెట్టేదానికి నీ రాడ్డేం పాపం చేసింది?

ఇంకోటి, నీ దగ్గరికి వచ్చే ఇనుం. మిగ్గుకి ఇనుం తళతళలాడాలి. రంగు, నూనె, తుప్పు ఏదున్నా అలుగుతుంది. నీకు వచ్చేవేంది? ఉప్పునీటి గుంటల్లో నానీ నానీ పొరలు పొరలుగా ఊడే ఏరియేటరు ఫ్రేములు, తూము తలుపులు, పడవ ఇంజను స్టాండ్లు. మన ఒడ్డున ఇనుం కొన్న రోజే కొత్తది. మిషనులో తీగ చుట్ట కూడా ఆ గాలికి ఊరుకోదు. రాగిపూత పేరుకే, తుప్పు మొదలైతే తీగ గొట్టంలో ఇరుక్కుని రోలరు దగ్గర చిక్కుపడుతుంది. రాడ్లయితే నువ్వు రేకు మీద ఎండబెట్టుకుంటావు. తీగని ఎండబెట్టి లాభం లేదు.

ఏరియేటర్లంటే గుర్తొచ్చింది. మా ఇంటి దగ్గర కొట్లో ఐసు రొయ్యల సంచి మీద ఇండియా సరుకని రాసుంటుంది. ఏ ఊరి గుంటో రాయరు. 2009లో వనామీ రొయ్య వచ్చినాక మనవైపు ఎన్ని గుంటలు లేచినాయో నీకు తెలిసిందే, అందుకని ఇది మనదే అయ్యుంటుందని నేను మా ఆవిడతో వాదిస్తా. రొయ్యి ఏ ఊరిదైనా వొలిచేది నేనే గదా అంటుంది. 2025 ఆగస్టులో ఇండియా సరుకు మీద ఇక్కడి సుంకం 50 శాతానికి పోయినప్పుడు నాయన అర్ధరాత్రి ఫోను చేసి, "అంత దూరం పోయి ఇన్నేళ్ళుండావు, ఆ ట్రంపుకి ఒక మాట చెప్పలేవా" అని నిలదీశాడు.

నవ్వులాట కాని మాట ఒకటి. జీఐ పైపులు అతికేటప్పుడు జాగ్రత్త. ఇనుం కరగాలంటే 1,500 డిగ్రీలు కావాలి. దాని మీద పూత పూసిన జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగైపోతుంది. ఆ రాత్రి నీకు వచ్చే చలిజ్వరం దోమలది కాదు. పాలు తాగితే విరుగుడని నువ్వంటావు, పాసడీనా తాత కూడా అదే అంటాడు. వెల్డర్ల మాట ప్రపంచమంతా ఒకటే గానీ, ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగని పాలు ఏం చేస్తాయి? అతుకేసే చోట పూత గ్రైండరుతో గీకేయి, మాస్కు కట్టుకో, గాలి నీ పక్కనుంచి పోయేటట్టు కూచో. నీ తూర్పు గాలి ఈ ఒక్క పనికి దేవుడు.

నా చేతిమీదుగా ఏమైనా తయారైందా లేదా అని అక్క అడిగిందంట. అయింది. కరివేపాకు చెట్టుకి బండి. నవ్వబాక. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ అంతా గడ్డకట్టినప్పుడు మా వీధిలో తెలుగిళ్ళ కరివేపాకు చెట్లు చచ్చిపోయినాయి. తర్వాత ఒకరి ఇంట్లో బతికిన పిలకకి జరిగిన మర్యాద పెళ్ళికొడుక్కి కూడా జరగలేదు. అప్పట్నుంచి చలిగాలి వార్త వస్తే చాలు, కుండీలన్నీ గరాజుల్లోకి మోసుకెళ్తారు. మా కుండీ ఇద్దరం ఎత్తాలి. అందుకని యాంగిల్ ముక్కలతో చతురస్రం చేసి కింద నాలుగు చక్రాలు పెట్టా.

వాటిలో మూడు నేలని తాకుతాయి. ఇనుం చల్లారేటప్పుడు అతుకు వేసిన పక్కకి లాగుతుంది గదా. నువ్వు ముందు నాలుగు మూలలా టాకులు, అంటే చిన్న చుక్క అతుకులు వేసి, ఒక మూల తర్వాత ఎదురు మూలకి పోతావే, ఎందుకట్టా గెంతుతాడా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. ఆ గెంతుడు విలువ నాలుగో చక్రం చెప్తా ఉంది. చెట్టుకి మాత్రం ఏ ఫిర్యాదూ లేదు. మా ఆవిడ బండి చూసి, "ఇదేనా, గేటు కీలు ఏమైంది?" అంది. గేటు ఇంకా తాడుతో కట్టే ఉంది.

ఆటో బాడీలు, బీరువాలు, సన్నరేకు పని గనక నీ దగ్గరికి వస్తుంటే, మిగ్గుని మించింది లేదని ఒప్పుకుంటా. రాడ్డుతో బొక్కలు పడే రేకుని అది తేలిగ్గా కుడుతుంది. అప్పుడు తూర్పున గోడ కట్టి, ఒక గది చేసుకుని, మిషను చెన్నైలోనే కొనుక్కో. రిపేరుకి మనిషి దొరుకుతాడు, సీవోటూ బండ దొరుకుతుంది. ఈడ మిషన్లు 60 హెర్ట్జ్ కరెంటుకి చేసినవి, మనది 50. ట్రాన్స్‌ఫార్మరు రకం మిషనైతే మన కరెంటు మీద వేడెక్కుతుంది. మోటార్లు చుట్టే వాడివి, నీకు విడమర్చక్కర్లేదు.

మిషను బదులు ఈ పెట్టెలో పంపిస్తా ఉండేది హెల్మెట్టు. తెలిసినాయన నెల్లూరు వస్తుంటే సామాన్ల మధ్య పెట్టించా. ఇందులో అద్దం మామూలుగా తేటగా ఉంటుంది. నిప్పు వెలిగిన క్షణంలో, సెకనులో 25 వేలో వంతులో, దానంతట అదే నల్లబడుతుంది. ఆరితే మళ్ళీ తేటబడుతుంది. అతుకు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుని, తల ఆడించి అద్దం దించుకునే నాట్యం ఇంక అక్కర్లేదు. 1981లో స్వీడన్‌లో స్పీడ్‌గ్లాస్ పేరుతో ఇట్టాంటివి మొదలుపెట్టారు. ఆ స్వీడనోళ్ళకి వెల్డింగు మీద ఏంటింత ప్రేమో తెలీదు. పక్కనుండే మరని 11 దగ్గర పెట్టు. గ్రైండింగుకి వేరే గుర్తుంటుంది. దాంట్లో పెట్టి వెల్డింగు చేస్తే అద్దం నల్లబడదు, జాగ్రత్త.

నువ్వు ఎడం చేత్తో పట్టుకునే ఆ అట్ట అద్దానికి పగులుండాది. నేను పోయినసారి వచ్చినప్పుడే చూశా. టాకు వేసేటప్పుడు అది కూడా పెట్టుకోకుండా కళ్ళు మూసుకుని గీస్తావు. ఆ వెలుగు దెబ్బ అప్పుడు తెలీదు. రాత్రి పొద్దుపోయాక మొదలవుతుంది, కన్ను తెరవలేవు, మూయలేవు. అక్క అర్ధరాత్రి లేచి బంగాళదుంప చక్రాలు కోసి నీ కళ్ళ మీద పెడుతుంది. మర్నాడు ఆ దుంపలే వేపుడు చేసిందేమోనని నాకు ఎప్పుడూ అనుమానమే. ఇంక బంగాళదుంపని కూరకి వదిలెయ్యండి.

లుంగీ మాత్రం మానలేవని నాకు తెలుసు. పాంటు వేసుకోమని నాలుగు పేజీలు రాసినా నువ్వు వినవు. కనీసం పాలిస్టరు లుంగీ కట్టబాక. నూలుదైతే రవ్వ పడితే కాలి బొక్క పడుతుంది. పాలిస్టరు కరిగి తొడకి అంటుకుంటుంది. హవాయి చెప్పుల గురించి నేనేం మాట్లాడను, అక్క మాట్లాడుతుంది.

పిల్లలకి ముద్దులు. అత్తకి నమస్కారాలు. నాయన షాపుకి వచ్చి కూచుంటే టీ తెప్పించు, చక్కెర లేకుండా.

ఇట్లు,
నీ ఇనుం పాడుచేయకుండా పెరిగిన
బావమరిది

తా.క. నిలువు అతుకు కిందనుంచి పైకా, పైనుంచి కిందికా? తాత పైకే అంటాడు. వీడియోల్లో కుర్రాళ్ళు సన్నరేకుకి కిందికి అంటారు. నువ్వెట్టా వేస్తావో ఒకసారి వీడియో తీయించి పంపు. కెమెరా ముందు పాత నల్లద్దం ముక్క అడ్డం పెట్టమను, లేకపోతే తెల్లటి వెలుగు తప్ప ఏమీ రాదు. తీసేవాడికి నీ చెయ్యి చూపించమని గట్టిగా చెప్పు. పోయినసారి పంపినదాంట్లో మొదట్నుంచి చివరిదాకా నీ మీసమే ఉండాది.